గేటు బయట నిలబెట్టిన వాళ్ల గురించి: కాలనీ సంఘాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల కాలనీ సంక్షేమ సంఘాల, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు నమస్కారం.

నేను మల్కాజిగిరి వైపు ఒక కాలనీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. నాకూ ఇలాంటి ఒక సంఘంలో సభ్యత్వం ఉంది. నెలనెలా మెయింటెనెన్స్ కడతాను, సమావేశం అంటే వెళ్తాను. ఈ మధ్య మా చుట్టుపక్కల ఒక కాలనీని చూసి ఒక కాలనీ పెడుతున్న బోర్డులు చూశాక ఈ లేఖ రాయకుండా ఉండలేకపోయాను. 'తోపుడు బండ్లకు ప్రవేశం లేదు' అని ఒకచోట, 'పనివాళ్లు ఈ లిఫ్ట్ వాడరాదు' అని ఇంకోచోట. ఒక అపార్ట్‌మెంట్ గేటు మీదైతే, రంగు వెలిసిపోయినా, 'కోవిడ్ నిబంధనల ప్రకారం' అన్న ముక్క ఇంకా చదవొస్తోంది.

కరోనా పోయి ఇన్నేళ్లయింది. ఆ రోజుల్లో మన వీధులు ఎలా గడిచాయి, ఎవరి వల్ల గడిచాయి అన్నది మీలో చాలామంది కళ్లారా చూశారు. అప్పుడు భయంతో పెట్టిన ఆంక్షలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. అప్పుడే ఒకరికొకరం చేసుకున్న ఏర్పాట్లు మాత్రం ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. నేను అడిగేది ఒకటే: మిగిలిపోయిన ఆంక్షలు తీసేయండి, పోయిన ఏర్పాట్లను తిరిగి తెండి. ఎందుకు అడుగుతున్నానో కొంచెం వివరంగా చెప్పాలి.

2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ గుర్తుందిగా. దేశమంతా ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా అన్నారు, మన రాష్ట్రంలో 24 గంటలు అన్నారు. ఆ రోజే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. ఇంకో రెండు రోజులకు దేశమంతటికీ 21 రోజుల లాక్‌డౌన్ వచ్చింది. మెట్రో ఆగింది, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆగింది, సిటీ బస్సు ఆగింది. సరుకుల కోసమైనా ఇంటికి మూడు కిలోమీటర్లు దాటి పోవద్దన్నారు. రాత్రి ఏడు తర్వాత బయట కనపడితే పోలీసులు ఆపేవాళ్లు. ఒక్కసారిగా మన ప్రపంచమంతా రెండు మూడు వీధుల్లోకి కుంచించుకుపోయింది. సూపర్ మార్కెట్లలో అరలు ఖాళీ అయ్యాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడదామంటే స్లాట్ దొరికేది కాదు. అయినా మన వంటిళ్లలో కూర ఉడికింది. టమాటా, వంకాయ, కొత్తిమీర ఎక్కడి నుంచి వచ్చాయి?

తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి, ట్రాలీ ఆటోలో నలుగురైదుగురు కలిసి సరుకు దింపుకుని, దారిలో ప్రతి చెక్‌పోస్టు దగ్గర సమాధానం చెప్పుకుంటూ వచ్చినవాళ్లు తెచ్చారు. ప్రభుత్వం మొబైల్ రైతుబజార్లు కూడా తిప్పింది, కాదనను. కానీ అవి వచ్చే రోజు వేరు, మనకు కరివేపాకు కావాల్సిన రోజు వేరు. మా వీధికి రోజూ వచ్చింది బండ్లవాళ్లే. వాళ్లలో కొత్త మొహాలు కూడా కనిపించాయి. గిరాకీ లేక ఆటో వెనక సీటు తీసేసి ఉల్లిగడ్డ సంచులు వేసుకున్న ఆటో డ్రైవరు, స్కూలు వ్యాను నడిపిన మనిషి, జీతం ఆగిపోయిన ప్రైవేటు స్కూలు టీచరు. ప్రైవేటు టీచర్ల పరిస్థితి ఎంత దిగజారిందో తర్వాత అందరికీ తెలిసింది. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్ర ప్రభుత్వమే వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. దానికి ముందు గడిచిన ఏడాదంతా వాళ్లలో ఎంతమంది ఏ వీధిలో ఏం అమ్ముకుని బతికారో మన గేట్లకు తెలుసు.

మా సందు మొదట్లో ఉన్న కిరాణా కొట్టు సంగతి చెబుతాను. ఇలాంటి కొట్టు మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. షట్టరు సగం దించి, ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వాటి మధ్య తాడు కట్టాడు. తాడుకు ఇవతల సున్నంతో గుండ్రాలు గీశాడు. వాన పడి చెరిగినప్పుడల్లా మళ్లీ గీసేవాడు. సరుకుల చీటీ వాట్సాప్‌లో పంపితే కట్టి ఉంచి, సంచి మీద ఫ్లాట్ నంబరు స్కెచ్‌పెన్‌తో రాసేవాడు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు మామూలు ఫోన్ చేసి చదివితే ఆయన భార్య రాసుకునేది. గల్లాపెట్టె పక్కన సబ్బునీళ్ల మగ్గు ఉండేది. నాణేలు అందులో వేస్తే గరిటెతో తీసి గుడ్డ మీద ఆరబెట్టేవాళ్లు. పప్పు, నూనె తగ్గిపోతున్న వారంలో ఇంటికి ఇంత అని లెక్కపెట్టి ఇచ్చాడు. డబ్బుంది కదా అని ఒకరికి బస్తాలు బస్తాలు ఇవ్వలేదు. ఆ నియమం ఎవరూ పెట్టమనలేదు, ఆయనే పెట్టుకున్నాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఉద్దెర పుస్తకం. ఏప్రిల్‌లో జీతం సగమే పడిన ఇళ్లు మన కాలనీల్లోనే ఉన్నాయి. పైకి చెప్పుకోలేదంతే. బేగంబజారులో ఆయనకేమో రొక్కం ఇస్తేనే సరుకు, ఆయన మాత్రం మనకు ఉద్దెర ఆపలేదు. ఆ పుస్తకంలో కొన్ని పేజీలు తీరడానికి ఏడాది పట్టిందని తర్వాత మాటల్లో చెప్పాడు. ఎవరి పేజీలో మాత్రం చెప్పలేదు.

మా ఎదురు బిల్డింగులో మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. పిల్లలిద్దరూ అమెరికాలో. మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి, రావాలన్నా రాలేని పరిస్థితి. ఆవిడ బాల్కనీ నుంచి బకెట్‌కు తాడు కట్టి దించేవారు. ఆకుకూరలమ్మ తోటకూర, పాలకూర కట్టలు అందులో పెట్టి, "పైసలకేం తొందర లేదమ్మా, మల్ల ఇద్దువు గని" అని పైకి కేకేసేది. ఒకరోజు బకెట్ కిందికి రాలేదు. ఆ అమ్మే వాచ్‌మన్‌ని పిలిచి తలుపు కొట్టించింది. పెద్దావిడకు షుగర్ పడిపోయి లేవలేక ఉన్నారు. పిల్లలకు ఫోన్ వెళ్లింది అక్కడ అర్ధరాత్రి వేళ. వాళ్లకంటే ముందు తెలిసింది ఆకుకూరలమ్మకు. ఇప్పుడు ఆ బిల్డింగు గేటు మీద ఉన్న బోర్డు ప్రకారం ఆమె లోపలికి రాకూడదు.

పనివాళ్ల విషయానికి వస్తాను. ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాయాలి.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎక్కువమంది మన కాలనీలను ఆనుకుని ఉన్న బస్తీల వాళ్లే. భర్తలు అడ్డా మీద కూలీలో, హోటల్లో పనివాళ్లో, ఆటో నడిపేవాళ్లో. లాక్‌డౌన్‌తో ఆ ఇళ్లలో ఇద్దరి సంపాదనా ఒకే రోజు ఆగింది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యమో పిండో, 500 రూపాయలు ఇచ్చారు. జీహెచ్‌ఎంసీ ఐదు రూపాయల అన్నపూర్ణ భోజనం ఉచితంగా పెట్టింది. ఇవి ప్రాణం నిలబెట్టాయి, నిజమే. కానీ ఇంటి అద్దెకు, గ్యాస్ బండకు, చిట్టీ వాయిదాకు సరిపోయేవి కావు. జీతాలు కోయకుండా ఇవ్వాలని కేంద్ర హోం శాఖ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. అది పరిశ్రమలకు, దుకాణాలకు, వాణిజ్య సంస్థలకు. ఇంటి పని చేసే మనిషి గురించి అందులో ఒక్క మాట లేదు. ఆ రెండు మూడు నెలలు ఆమెకు జీతం అందిందా లేదా అన్నది పూర్తిగా మన ఇళ్ల మీద ఆధారపడింది.

మా వీధిలో పని ఆగినా జీతం ఆపని ఇళ్లు ఉన్నాయి. గేటు దగ్గరికి పిలిచి కవరు చేతిలో పెట్టారు, కొందరు కిరాణా కొట్టులో ఆమె పేర డబ్బు కట్టారు. పని చేయని నెలకు జీతమేమిటన్న ఇళ్లూ ఉన్నాయి. ఒకే మనిషి నాలుగు ఇళ్లలో చేస్తుంటే రెండు ఇళ్లు ఇచ్చి రెండు ఇళ్లు ఇవ్వకపోతే ఆమె ఇల్లు సగమే గడుస్తుంది. ఇది ఒక్కో ఇంటి మంచితనానికి వదిలేయాల్సిన విషయమని నేను అనుకోను. సంఘంగా కూర్చుని ఒక మాట అనుకుని ఉంటే, ఎవరూ మొహమాటపడే పని లేకుండా అన్ని ఇళ్లూ ఇచ్చేవి. బోరు మోటారు కాలిపోతే అందరం సమానంగా వేసుకోవడం లేదా?

సడలింపులు మొదలయ్యాక గేట్లు తెరిచే వంతు వచ్చింది. ఎవరిని రానివ్వాలి, ఎవరిని వద్దనాలి అన్న నిర్ణయం సంఘాల చేతికొచ్చింది. దగ్గరలోని ఒక పెద్ద కాంప్లెక్సులో పనివాళ్లు కరోనా టెస్టు కాగితం తెస్తేనే లోపలికి అన్నారు. ఆ కాంప్లెక్సులోనే వేరే ఊళ్లు తిరిగొచ్చిన ఫ్లాటు వాళ్లను ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. సిటీ బస్సులు మళ్లీ రోడ్డెక్కింది 2020 సెప్టెంబరు చివర్లో, ఎంఎంటీఎస్ 2021 జూన్‌లో. ఆ మధ్య నెలలన్నీ దూరం నుంచి వచ్చే ఆడవాళ్లు నడిచి వచ్చారు. నడిచి వచ్చినవాళ్లను గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు గన్ను పెట్టి, పుస్తకంలో సంతకం పెట్టించి, చెప్పులు విడిపించి, మెట్లు ఎక్కమన్నారు. లిఫ్ట్ అప్పుడు మూసిన ఇళ్లు చాలా ఉన్నాయి. అప్పట్లో గాలి ఆడని చోట గుమిగూడవద్దన్న జాగ్రత్త సబబే. కానీ గాలి అందరికీ ఒక్కటే. ఫ్లాటు యజమానులకు లిఫ్ట్ తెరుచుకుని ఇన్నేళ్లయినా అంట్లు తోమే ఆమె ఇంకా నాలుగు అంతస్తులు మెట్లెక్కుతోంది అంటే దానికి కారణం వైరస్ కాదు.

చెత్త తీసుకెళ్లేవాళ్ల గురించి రెండు మాటలు. ఒక్కరోజు కూడా చెత్త ఆటో రాని ఇబ్బంది మనం పడలేదు. వాడిన మాస్కులు కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, తర్వాతే పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. మనలో ఎన్ని ఇళ్లు అలా చేశాయి? తడి, పొడి అన్నీ కలిపి, మాస్కులు పైన వేసి ఇచ్చిన సంచులను వాళ్లు చేతులతో వేరు చేశారు. మార్చి 22 సాయంత్రం చప్పట్లు కొట్టాం. ఏప్రిల్‌లో కొన్ని వీధుల్లో వాళ్లకు పూలదండలు వేశారు. ముఖ్యమంత్రి కానుకగా జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య కార్మికులకు 7,500 రూపాయలు ప్రకటించారు. ఈ రోజు ఎండలో చెత్త ఆటో తోలుకొచ్చిన అమ్మాయి మన సెల్లారులో నీళ్లు పట్టుకోవచ్చా, బాత్రూముకు వెళ్లొచ్చా? చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ వాడే బాత్రూము ఉంది, దానికి తాళం వేసి ఉంటుంది.

భయం మనుషుల చేత ఏం చేయిస్తుందో కూడా ఆ ఏడాది చూశాం. డాక్టర్లను, నర్సులను ఇల్లు ఖాళీ చేయమన్న ఓనర్లు మన రాష్ట్రంలోనూ ఉన్నారు. ఎవరికైనా పాజిటివ్ వస్తే వీధికి అడ్డంగా రేకులు కట్టారు, తలుపుకు కాగితం అంటించారు. అలా ఇళ్లకు పోస్టర్లు అంటించొద్దని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ కాగితాలు పోయాయి. మనుషుల్ని చూసి ముందు అనుమానపడే అలవాటు అంత తొందరగా పోలేదు.

ఇక 2021 వేసవి. దాని గురించి తలచుకోవడానికే చాలామందికి ఇష్టం ఉండదు, మా కాలనీలో కూడా వాకిట్లో ముగ్గు ఆగిన ఇళ్లు ఉన్నాయి. మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకా మాత్రమే సడలింపు. ఆ నాలుగు గంటల లెక్క బండి తోసే మనిషి వైపు నుంచి చూడండి. మార్కెట్‌కి వెళ్లి సరుకు తేవడం, వీధుల్లో అమ్మడం, బండి తోసుకుని ఇల్లు చేరడం అన్నీ పది లోపల అవ్వాలి. తొమ్మిదిన్నరకు టమాటా మిగిలితే అడిగిన ధరకు ఇచ్చేయాలి, లేదా పారబోయాలి. మా కాలనీ కమిటీ తన హాలు ఆవరణలో బండ్లు, మిగిలిన సరుకు రాత్రికి ఉంచుకోనిచ్చింది. అంతే. దాంతో వాళ్లకు బండి తోసుకుని వెళ్లే టైము మిగిలింది, మనకు పది దాకా కాలనీ లోపల కూరగాయలు దొరికాయి. పైసా ఖర్చు లేని ఆ ఏర్పాటు రెండు పక్షాలకూ ఎంత మేలు చేసిందో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఆ మే నెలలోనే ఆశా వర్కర్లు, ఏఎన్‌ఎంలు ఎండలో ఇంటింటికీ తిరిగి జ్వరాలు అడిగారు, లక్షణాలు ఉన్నవాళ్లకు మందుల కిట్లు ఇచ్చారు. మా దగ్గర అపార్ట్‌మెంటుకు ఒక పల్స్ ఆక్సీమీటర్ కొని వాచ్‌మన్ గదిలో పెట్టారు. ఎవరింట్లో జ్వరం వస్తే వాళ్లకు ఇచ్చేది, స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ తెచ్చి పెట్టేది వాచ్‌మనే. అందులో ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే కమిటీ వాళ్లకు చెప్పాలని అతనికి నేర్పారు. ఐసోలేషన్‌లో ఉన్న ఇళ్లకు పక్క ఇళ్ల వాళ్లు వండిన టిఫిన్ క్యారియర్ తలుపు గొళ్లేనికి తగిలించి బెల్లు కొట్టి వచ్చింది అతనే. ఒక రాత్రి కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే ఆక్సిజన్ సిలిండరు భుజాన వేసుకుని పై అంతస్తుకు మోసింది కూడా అతనూ, అతని బావమరిదీ. ఆ సమయంలో అతను, భార్య, ఇద్దరు పిల్లలు మెట్ల కింద ఒకే గదిలో ఉంటున్నారు. వాళ్లలో ఎవరికైనా వస్తే విడిగా ఉండడానికి చోటు లేదు. ఆ మాట కమిటీలో ఒకరు లేవనెత్తారు, ఖాళీగా ఉన్న ఒక ఫ్లాటు తాళాలు దుబాయ్‌లో ఉన్న ఓనరు ఫోన్లోనే ఒప్పుకుని ఇప్పించారు. అదృష్టం బాగుండి దాని అవసరం రాలేదు.

వ్యాక్సిన్ల సమయంలో పిల్లలు చేసిన పని కూడా చెప్పాలి. కోవిన్‌లో పేరు నమోదు చేయాలంటే ఫోన్ కావాలి, ఓటీపీ రావాలి, ఇంగ్లిష్ చదవగలగాలి. స్లాట్లు తెరిచిన కొన్ని నిమిషాల్లోనే అయిపోయేవి. వాచ్‌మన్, ఇస్త్రీ బండాయన, పనికొచ్చే ఆడవాళ్లు ఇదంతా ఎలా చేసుకోగలరు? ఒక్క ఫోన్ నంబరు మీద నలుగురి పేర్లు ఎక్కించొచ్చని తెలిసి, ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు తమ నంబర్ల మీద వాళ్ల పేర్లు ఎక్కించారు. ఆధార్ నంబర్లు రాసుకున్న నోట్‌బుక్ ఒకటి, అలారం పెట్టుకుని స్లాట్ కోసం కూర్చోవడం, సెంటర్‌కి ఎవరో ఒకరు బండి మీద తీసుకెళ్లడం. మే చివరి వారం నుంచి ప్రభుత్వమే కూరగాయల వ్యాపారులకు, కిరాణా, గ్యాస్, రేషన్ దుకాణాల వాళ్లకు విడిగా టీకాలు వేయించింది. వాళ్లు రోజూ వందల మందిని కలుస్తారు కాబట్టి వాళ్లకు ముందు వేయడమే అందరికీ మంచిదని సర్కారు గుర్తించింది. మనం ఆ సంగతి అంతకు ముందే గుర్తించాం. అందుకు ఆ పిల్లలను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

ఇంత చేసిన కాలనీలు ఇప్పుడు బోర్డులు పెడుతున్నాయి. ఎందుకని అడిగితే చెప్పే కారణాలు నాకు తెలుసు, వాటిని తేలిగ్గా తీసుకోను. దొంగతనాలు జరుగుతున్నాయి, కొత్తవాళ్లు ఎవరో తెలియదు అంటారు. బండ్లు అడ్డం ఉంటే కార్లు తిరగవు, స్కూలు బస్సు ఆగిపోతోంది అంటారు. ఒంటరి పెద్దవాళ్లున్న ఇళ్ల భద్రత మాటేమిటి అంటారు. భద్రత ముఖ్యమే. కానీ పదేళ్లుగా అదే వీధికి వచ్చే మనిషి కొత్తవాడు కాదు. కొత్త మొహం కనిపిస్తే ముందు పసిగట్టేది వాళ్లే. రోజుకు ఎన్ని డెలివరీలు వస్తున్నాయో గేటు యాప్‌లో చూడండి, వాటిలో తెలిసిన మనిషి ఎంతమంది? వాళ్లు కూడా పొట్టకూటి కోసమే వస్తున్నారు, వాళ్లను ఆపమని నేను అనను. వాళ్లకు ఒక దారి ఇచ్చి, మన వీధి మనిషికి దారి మూయడం న్యాయంగా లేదంటున్నాను. ఇరుకు సమస్యకు విరుగుడు చోటు నిర్ణయించడమే. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా పార్కు గోడ పక్కన ఫలానా చోట నిలబడండి అని చెబితే ఏ బండి మనిషైనా వింటాడు. వినకపోతే అప్పుడు అడగొచ్చు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. వీధి వ్యాపారుల రక్షణ కోసం పార్లమెంటు 2014లో చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి నగరంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, వీధి వ్యాపారుల సర్వే జరగాలి, వాళ్లకు గుర్తింపు పత్రాలు ఇచ్చి చోటు చూపించాలి. సర్వే పూర్తయ్యేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు. ఆ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. నివాసుల సంక్షేమ సంఘాలకు కూడా అందులో చోటుంది. అంటే మన మాట అక్కడ చెప్పొచ్చు. ఫ్లెక్సీ కట్టి మనుషుల్ని తరిమే బదులు, మన వీధిలో బండ్లు ఎక్కడ నిలబడాలో అధికారికంగా తేల్చే దారి మనకు ఉంది. కరోనాలో దెబ్బతిన్న వీధి వ్యాపారుల కోసమే 2020 జూన్‌లో పీఎం స్వనిధి పథకం తెచ్చారు. అప్పట్లో తొలి విడత 10,000 రూపాయల పెట్టుబడి అప్పు ఇచ్చేవాళ్లు. సక్రమంగా తీరిస్తే తర్వాతి విడతల్లో ఇంకా ఎక్కువ ఇస్తారు. ఈ అప్పు రావడానికి మున్సిపాలిటీ దగ్గర గుర్తింపో, సిఫారసు పత్రమో కావాలి. మన వీధిలో అమ్ముకునే మనిషికి ఆ కాగితాలు నింపడంలో మన సంఘం గుమాస్తా ఒక గంట సాయం చేస్తే పోయేదేముంది? ఇళ్లలో పనిచేసేవాళ్లు, వాచ్‌మన్‌లు అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు, వయసు 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండాలి. వ్యాక్సిన్ నోట్‌బుక్ నింపిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ల తమ్ముళ్లకు చెల్లెళ్లకు చెబితే ఒక్క ఆదివారంలో చేసి పెడతారు.

లిఫ్ట్ గురించి వేరుగా చెప్పనక్కర్లేదు, ఆ బోర్డు తీసేయండి. మనింట్లో వంట చేసే మనిషి, మన పిల్లల్ని ఎత్తుకునే మనిషి మన పక్కన నిలబడి నాలుగో అంతస్తుకు రాకూడదని రాసి పెట్టుకోవడం మనకు తగదు. పిల్లలు ఆ బోర్డు చదువుతూ పెరుగుతున్నారు.

పనివాళ్ల జీతాల మీద సంఘం ఒక నియమం అనుకోవాలని నా కోరిక. వరద వచ్చినా, కర్ఫ్యూ వచ్చినా, ఇంకో జబ్బు వచ్చినా, మనమే రావద్దని చెప్పిన రోజులకు జీతం కోయకూడదు. అలాగే వారానికి ఒక సెలవు ఉండాలి. ఇది చట్టం చెప్పేదాకా ఆగాల్సిన పని కాదు. అసోసియేషన్ తీర్మానం చేస్తే ఇళ్ల మధ్య తేడాలు వాటంతటవే తగ్గుతాయి. 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తుందా? లాక్‌డౌన్ నుంచి ఇంకా తేరుకోకముందే బస్తీల్లో ఇళ్లు మునిగాయి. వారం పాటు పనికి రాలేని ఆడవాళ్లకు ఆ వారం జీతం కోసిన ఇళ్లున్నాయి. మళ్లీ అలా జరగకూడదు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల జాబితా ఒకటి ఆ రోజుల్లో చాలా కాలనీల్లో తయారైంది. ఏ ఫ్లాటు, ఏ మందులు, పిల్లల ఫోన్ నంబరు, ఇక్కడ దగ్గరి బంధువు ఎవరు. పొద్దున ఒకసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి పలకరించేవాళ్లు. ఆ జాబితాలు ఇప్పుడు ఎక్కడున్నాయో కమిటీలు మారిన తర్వాత ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లేమో అప్పటికన్నా ఎక్కువయ్యారు, పిల్లలు ఇంకా దూరం వెళ్లారు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో, మెల్‌బోర్న్‌లో ఉన్న మన పిల్లలు ఆ రోజుల్లో ఫోన్లలో ఎంత టెన్షన్ పడ్డారో, కొందరు తల్లిదండ్రుల అంత్యక్రియలు కూడా ఫోన్లోనే ఎలా చూశారో మనకు తెలుసు. ఆ జాబితా మళ్లీ రాయండి. రాసేటప్పుడు వాచ్‌మన్‌ని, పాలబ్బాయిని, ఆకుకూరలమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ తలుపు ఎన్నింటికి తెరుచుకుంటుందో వాళ్లకు తెలిసినంత కమిటీకి తెలియదు.

సొసైటీగా రిజిస్టరైన ప్రతి సంఘం ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టాలి. వచ్చే సమావేశం అజెండాలో నాలుగు అంశాలు చేర్చమని మా సంఘానికి రాతపూర్వకంగా ఇస్తున్నాను: గేటు, లిఫ్ట్ బోర్డుల తొలగింపు; బండ్లకు చోటు, వేళలు; పనివాళ్ల జీతం, సెలవు మీద తీర్మానం; సెల్లారు బాత్రూము, మంచినీళ్లు అందరికీ తెరవడం. మీ సంఘంలోనూ ఇవే పెట్టండి. మీకు వేరే మంచి ఆలోచన ఉంటే అది పెట్టండి. ఆ సమావేశానికి ఆకుకూరలమ్మను, మీ వీధి బండ్లవాళ్లలో ఒకరిద్దరిని, పనికొచ్చే ఆడవాళ్లను కూడా పిలవండి. ఓటు లేకపోయినా వాళ్ల మాట వినండి, వాళ్లకు కుర్చీలు వేయండి. మా సమావేశంలో ఈ మాటలన్నీ నిలబడి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పక్క కాలనీ వాళ్లు పిలిచినా వస్తాను.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి
ఒక కాలనీ సభ్యుడు